తల్లులు తిరిగి వచ్చిన తీరము



సండే స్కూలులో యోనా కథ చెప్పినప్పుడెల్లా పిల్లలు మమ్మును ఒక ప్రశ్న అడుగుతారు. "అయ్యగారూ, మీరు తిమింగిలమును చూచారా?" ఇరువది సంవత్సరములుగా "లేదమ్మా" అనే చెప్పుతూ వచ్చాము. 2023 ఆగస్టు నెలలో దేవుని కృపను బట్టి చూచాము. ఆస్ట్రేలియా దేశపు దక్షిణ తీరమున, పిల్లలతో ఈదుతున్న తల్లి తిమింగిలములను రెండు దినములు కన్నులార చూచాము.

ఆ ప్రయాణమును గూర్చి వ్రాయమని సంఘములో చాలమంది అడిగారు. వ్రాయడానికి వెనుకాడుతూ వచ్చాము. ఎందుకనగా, అందులో మా తప్పు ఒకటి ఉన్నది. దానిని దాచిపెట్టి తిమింగిలములను గూర్చి మాత్రము వ్రాస్తే అది సగము నిజమే అవుతుంది.

తొమ్మిదేండ్ల మౌనము

మా శ్రీమతికి ఒక్కడే తమ్ముడు. అడిలైడ్ నగరములో వృద్ధుల ఆశ్రమములో నర్సుగా పని చేస్తున్నాడు. 2014లో అతడు తనతో చదువుకున్న అమ్మాయిని వివాహము చేసుకున్నాడు. అమ్మాయి విశ్వాసి, చదువుకున్నది, వినయము గలది. కాని "ఆ పిల్ల మనవాళ్ళు కాదు" అన్నాము. ప్రసంగ పీఠము మీద నిలువబడి క్రీస్తునందు కులము లేదని బోధించే మా నోటి నుండే ఆ మాట వచ్చింది. వివాహమునకు మేము వెళ్ళలేదు. మా శ్రీమతిని వెళ్ళనివ్వలేదు.

2019లో మా అత్తగారు ప్రభువునందు నిద్రించినప్పుడు అతడు భూస్థాపనకు వచ్చాడు. మా ఇంటికి రాలేదు. బస్టాండు దగ్గర లాడ్జిలో దిగి, మూడవ దినమున తిరిగి వెళ్ళిపోయాడు. అక్కాతమ్ముళ్ళు సమాధి దగ్గర ఏడ్చినప్పుడు మేము కొంచెము దూరముగా నిలువబడియున్నాము.

నాలుగేండ్ల తరువాత అతడే ఫోను చేశాడు. "బావగారూ, అక్కను ఒకసారి తీసుకొని రండి. టిక్కెట్లు పంపిస్తాను. తిమింగిలమును చూడాలని అక్కకు చిన్నప్పటి నుండి ఆశ" అన్నాడు. మా శ్రీమతికి ఆ ఆశ ఉన్నట్లు మాకు అప్పటి వరకు తెలియదు.

చక్రముల మీద ఇల్లు

అడిలైడ్ నుండి మేము వెళ్ళవలసిన చోటు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరము. హైదరాబాదు నుండి విశాఖపట్నము వెళ్ళి, అక్కడ నుండి తిరిగి సగము దారి వచ్చినంత. నడుమ ఊళ్ళు తక్కువ. అందుచేత బావమరిది ఒక క్యాంపర్ వ్యాన్‌ను అద్దెకు తీసుకున్నాడు.

మన పల్లెలలో అనేకులు ఇటువంటి బండిని చూచి ఉండరు. పైకి చిన్న బస్సు వలె కనబడుతుంది. లోపల గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, గిన్నెలు కడుగుకొనే తొట్టి, నీళ్ళ ట్యాంకు ఉంటాయి. పగలు కూర్చొని భోజనము చేసే బల్లను రాత్రికి క్రిందికి దించి, దాని మీద పరుపు పరచితే మంచము. డ్రైవరు తల మీద మరొక మంచము. ఆ దేశములో కూడ మన వలెనే రోడ్డుకు ఎడమ ప్రక్కనే నడుపుతారు.

అటువంటి బండిలో నలుగురు పెద్దవాళ్ళు. ఒకరు లేచి నిలువబడితే మరొకరు కూర్చోవాలి. ఒకరు ప్రక్కకు తిరిగి పడుకుంటే అందరికి తెలుస్తుంది. ఇంటిలో అలిగినవాడు పెరటిలోనికి వెళ్ళవచ్చును, గదిలోనికి వెళ్ళి తలుపు వేసుకొనవచ్చును. అక్కడ ఆ సదుపాయము లేదు. మొదటి దినమంతా బావమరిది బండి నడుపుతూ అవసరమైన మాటలే మాట్లాడాడు. మేము కూడ అంతే. వెనుక సీటులో వదినా మరదళ్ళు మాత్రము గిన్నెల సంగతి, ఊరగాయల సంగతి మాట్లాడుకుంటూ ఉన్నారు. స్త్రీలు మాకంటె త్వరగా దారి వెదకుకున్నారు.

చెట్టు లేని దారి

పోర్ట్ అగస్టా అనే పట్టణము దాటగానే ఐర్ హైవే మొదలవుతుంది. ఇది పడమటికి, నార్స్‌మన్ అనే ఊరి వరకు సుమారు 1,660 కిలోమీటర్లు సాగుతుంది. 1976లో గాని దీనికి పూర్తిగా తారు పడలేదు. 1841లో ఎడ్వర్డ్ జాన్ ఐర్ అనే ఆంగ్లేయుడు ఈ తీరము వెంబడి పడమటికి నడిచాడు. చివరి వరకు అతనికి తోడుగా ఉన్నవాడు వైలీ అనే ఆదివాసి యువకుడు. ఇద్దరు ఆకలితో నీరసించియున్నప్పుడు సముద్రములో ఒక ఓడ కనబడినది. అది తిమింగిలములను వేటాడే ఫ్రెంచి ఓడ. ఆ ఓడవారు వారికి భోజనము పెట్టి, బట్టలిచ్చి, దినముల తరబడి ఆదరించారు. ఎరుగని బాటసారిని ఆదుకొనే అలవాటు ఆ దారిలో ఇప్పటికి పోలేదు.

ఎదురుగా వచ్చే ప్రతి బండివాడు స్టీరింగు మీద నుండి ఒక వేలు పైకెత్తి పలకరిస్తాడు. కింబా అనే ఊరిలో మొదటి రాత్రి బండి నిలిపినప్పుడు మా పొయ్యి వెలగలేదు. అడుగకముందే ప్రక్క బండిలోని పెద్దాయన స్పానరు పట్టుకొని వచ్చి, గ్యాసు గొట్టము బిగించి, పేరైనా చెప్పకుండ వెళ్ళిపోయాడు.

ఇటువంటి ప్రయాణికులు ఆ దేశములో చాలమంది ఉన్నారు. ఉద్యోగము నుండి రిటైరైన తరువాత ఇంటికి తాళము వేసి, వ్యానులోనో కారు వెనుక కట్టిన కారవాన్‌లోనో నెలల తరబడి దేశమంతా తిరుగుతారు. వీరిని గ్రే నోమాడ్స్ అంటారు, అనగా తల నెరసిన సంచారులు.

రెండవ రాత్రి సెడూనా అనే ఓడరేవు పట్టణములో ఆగాము. అక్కడ నీళ్ళు, డీజిలు, సరుకులు నింపుకున్నాము. తరువాత వచ్చే నల్లార్బార్ మైదానములో నీళ్ళు దొరకడము కష్టము. నల్లార్బార్ అనే పేరుకు లాటిన్ భాషలో "చెట్టు లేనిది" అని అర్థము. సున్నపురాతి నేల. వర్షపు నీరు పైన నిలువక లోపలికి ఇంకిపోతుంది. దారి ప్రక్కన పసుపుపచ్చని బోర్డు మీద ఒంటె, వాంబాట్, కంగారూ బొమ్మలున్నాయి. ఈ జంతువులు రోడ్డు మీదికి వస్తాయి, జాగ్రత్త అని దాని అర్థము. 19వ శతాబ్దములో ఆ దేశపు ఎడారులలో బరువులు మోయడానికి మన దేశము వైపు నుండే ఒంటెలను, వాటిని తోలేవారిని తీసుకొని వెళ్ళారు. లారీలు వచ్చిన తరువాత ఒంటెలను వదిలివేశారు. అవి అడవి జంతువులైపోయాయి.

ప్రొద్దు గ్రుంకిన తరువాత బండి నడుపరాదని బావమరిది నియమము. చీకటిలో కంగారూలు అడ్డము వస్తాయి. రెండు మూడు ట్రైలర్లు తగిలించుకొన్న పెద్ద లారీలు ప్రక్క నుండి పోతుంటే మన బండి గాలికి ఊగుతుంది.

కొండ అంచున

మూడవ దినము మధ్యాహ్నమునకు హెడ్ ఆఫ్ బైట్ చేరాము. హైవే నుండి పండ్రెండు కిలోమీటర్లు దక్షిణముగా వెళ్ళాలి. అక్కడ భూమి ఒక్కసారిగా ఆగిపోతుంది. ఒక వైపు తెల్లని ఇసుక దిబ్బలు, మరొక వైపు కోసినట్టున్న కొండచరియలు, క్రింద నీలి సముద్రము. కొండ అంచున చెక్కలతో నడకదారి కట్టారు. ఆ తీరము ఆదివాసుల పూర్వికుల భూమి. వారిలో మిర్నింగ్ అనే జాతివారికి తిమింగిలము బంధువు వంటిది, పవిత్రమైనది.

మొదట మాకేమియు కనబడలేదు. నీటిలో నల్లని బండలున్నవనుకున్నాము. అంతలో ఒక బండ ఊపిరి విడిచింది! ఆ శబ్దము కొండ మీదికి స్పష్టముగా వినబడినది. పెద్ద ఎద్దు బరువు లాగి నిట్టూర్చినట్లున్నది. నీటి ఆవిరి రెండు పాయలుగా విడిపోయి పైకి లేచింది. మా శ్రీమతి తమ్ముని చెయ్యి గట్టిగా పట్టుకున్నది.

ఇవి సదరన్ రైట్ అనే జాతి తిమింగిలములు. పెరిగినది పదిహేను మీటర్లకు పైగా ఉంటుంది, అనగా ఒక ఆర్టీసీ బస్సు కంటె పొడవు. బరువు నలభై టన్నులు దాటుతుంది. చూపునకు చేప వలె ఉన్నను అది చేప కాదు. మన వలెనే ఊపిరితిత్తులతో గాలి పీల్చుతుంది, పిల్లను కని పాలిస్తుంది. తల మీద తెల్లని గరుకు మచ్చలుంటాయి. మన వ్రేలిముద్రల వలె ఏ రెండింటి మచ్చలు ఒకటిగా ఉండవు. వాటిని బట్టే శాస్త్రజ్ఞులు 1991 నుండి ఏటేటా ఇక్కడికి వచ్చే తల్లులను గుర్తిస్తున్నారు.

ఎండకాలమంతా ఇవి దక్షిణ ధ్రువము వైపున చల్లని నీళ్ళలో మేస్తాయి. మే నెల నుండి అక్టోబరు లోపల ఈ తీరమునకు వచ్చి పిల్లలను కంటాయి. పుట్టిన పిల్ల అయిదారు మీటర్లుంటుంది, బరువు సుమారు టన్ను. ఇక్కడ తల్లికి మేత దొరకదు. మూడు నాలుగు నెలలు దాదాపు ఉపవాసముండి, తన ఒంటిలోని క్రొవ్వును కరిగించి బిడ్డకు పాలిస్తుంది. బిడ్డ మాత్రము ఊరకుండదు. తల్లి వీపు మీదికి ఎక్కుతుంది, జారుతుంది, తోకతో నీటిని కొడుతుంది. తల్లి దుంగ వలె కదలక పడియుంటుంది. "మా అమ్మ ఇలాగే ఉండేది" అన్నది మా శ్రీమతి. బావమరిది తల త్రిప్పుకున్నాడు.

ఆ దినమున పదకొండు జతలను లెక్కించాము.

"తగిన" తిమింగిలము

రైట్ అనగా "తగినది". దేనికి తగినది? చంపడానికి. ఇది నెమ్మదిగా ఈదుతుంది, ఒడ్డుకు దగ్గరగా వస్తుంది, చచ్చిన తరువాత నీటిపై తేలుతుంది, నూనె ఎక్కువ ఇస్తుంది. అందుకే వేటగాండ్రు ఆ పేరు పెట్టారని చెబుతారు. 19వ శతాబ్దపు మొదటి సగములో ఆస్ట్రేలియా తీరములలో వీటిని విపరీతముగా చంపారు. ఆ నూనె దీపములలో మండినది. నోటిలోని పలకలు గొడుగు ఊచలుగా, దొరసానుల నడుముకట్లలో బద్దలుగా పనికి వచ్చాయి. కొన్ని చోట్ల వేటగాండ్రు ముందుగా పిల్లను ఈటెతో పొడిచేవారు. పిల్లను విడిచి తల్లి పోదని వారికి తెలుసు.

వేటకు ముందు దక్షిణ సముద్రములన్నిటిలో ఇవి యాభై వేలకు పైగా ఉండేవని అంచనా. 1920 నాటికి కొన్ని వందలు మిగిలాయి. 1935లో వీటిని చంపరాదని అంతర్జాతీయ ఒప్పందము అమలులోనికి వచ్చింది. అయినను సోవియట్ ఓడలు 1971 వరకు రహస్యముగా మూడు వేలకు పైగా చంపాయి. ఆ సంగతిని 1990లలో ఆ దేశపు శాస్త్రజ్ఞులే బయటపెట్టారు.

అటు తరువాత నెమ్మదిగా, చాల నెమ్మదిగా, తల్లులు తిరిగి వచ్చాయి. తమ జాతిని పొడిచిన ఈ తీరమునకే బిడ్డలను కనడానికి వచ్చాయి. ఇప్పుడు ఆస్ట్రేలియా చుట్టు రెండు మూడు వేలకు పైగా ఉన్నాయని అంటున్నారు. కాని కథ ముగియలేదు. 2016 తరువాత పుట్టే పిల్లల సంఖ్య ఆశించినట్లు పెరుగుట లేదు. మూడేండ్లకొకసారి ఈనే తల్లి ఇప్పుడు నాలుగేండ్లకు గాని ఈనుట లేదు. దక్షిణ సముద్రము వేడెక్కి, మంచు తగ్గి, మేత కరువగుట ఇందుకు కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

ఉమ్మడి వంట

ఆ రాత్రి నల్లార్బార్ రోడ్‌హౌస్ దగ్గర బండి నిలిపాము. అది పెట్రోలు బంకు, హోటలు, బసలు కలిసిన ఒంటరి చోటు. వెనుక కంకర నేలలో ఆరేడు బండ్లున్నాయి. చలిగాలి ఎముకలకు తగులుతున్నది.

మరునాడు అందరు తూర్పు వైపునకే వెళ్ళాలి. సెడూనాలో ఒక తనిఖీ గేటు ఉన్నది. పండ్లను పాడు చేసే ఈగ తూర్పు తోటలలోనికి ప్రవేశింపకుండ, పడమటి నుండి వచ్చే బండ్లలోని పండ్లను, కొన్ని కూరగాయలను అక్కడ తీసివేస్తారు. పారవేయుట కంటె వండుకొని తినుట మేలని అందరు ఎవరి సంచి వారు తెచ్చారు. టమాటాలు, వంకాయలు, కాప్సికమ్‌లు, పచ్చిమిరపకాయలు ఒక చోట పోగుపడ్డాయి. మా కుక్కరు, మా కందిపప్పు ఉండనే ఉన్నాయి. వదినా మరదళ్ళు గరిటె పట్టారు. పెర్త్ నగరపు రిటైరైన టీచరమ్మ వంకాయలు తరిగింది. హాలెండు దేశపు ఇద్దరు అమ్మాయిలు అన్నము వండి మాడ్చారు. అందరు కలిసి మాడినదే తిన్నాము.

భోజనమునకు ముందు ప్రార్థన చేయవచ్చునా అని అడిగాము. ఎవరు కాదనలేదు. ఒంటరిగా ప్రయాణము చేస్తున్న ఒక పెద్దాయన టోపీ తీశాడు.

అతడు తన సంగతి చెప్పాడు. మా మరదలు తెలుగులో మాకు వివరిస్తూ వచ్చింది. 1978లో అతనికి పందొమ్మిదేండ్లు. ఆల్బనీ అనే రేవులో ఆస్ట్రేలియా దేశపు చివరి తిమింగిలముల కర్మాగారములో కూలి. అక్కడ చంపినవి ఈ జాతివి కావు, స్పెర్మ్ తిమింగిలములు. కోసిన మాంసపు వాసన ఎంత ఉతికినను బట్టలను వదిలేది కాదట. ఆ యేడు నవంబరులో కర్మాగారము మూతపడినది. పని పోయింది. తిమింగిలములను కాపాడాలని ఉద్యమించిన వారిని ఎన్నో ఏండ్లు తిట్టుకున్నాడు. తరువాత భార్య బలవంతము మీద ఒకసారి ఈ కొండ అంచునకు వచ్చాడు. భార్య చనిపోయింది. ఇప్పుడు ప్రతి శీతకాలము ఒక్కడే వస్తాడు.

"వాటిని లోపలి నుండి ఎరిగినవాడిని. బయటి నుండి చూడడానికి ముప్పై ఏండ్లు పట్టింది" అన్నాడు.

అవి మిమ్మును క్షమించాయనుకుంటున్నారా అని మేము అడిగాము. పాస్టరు అడిగే ప్రశ్నే అది. అతడు తల అడ్డముగా ఊపాడు. "నేనెవరో వాటికేమి తెలుసు? మేము చంపడము ఆపాము, అంతే. వచ్చినది అవి. ఆ రావడము మేము చేసినది కాదు."

తరువాత టీచరమ్మ మా వైపు చూపించి, వీరు నీకేమి అవుతారు అని మా మరదలిని అడిగింది. ఆమె గిన్నె కడుగుతూనే "మా అన్నయ్య" అన్నది. మా వరుసలో ఆడపడుచు భర్త అన్నయ్యే. ఆమెకు అది మామూలు మాట. మాకు మాత్రము అన్నము గొంతులో అడ్డుపడింది. మనవాళ్ళు కాదని మేము త్రోసివేసిన పిల్ల తొమ్మిదేండ్లుగా ఆ వరుసను విడిచిపెట్టలేదు.

ఆ రాత్రి వ్యానులో దీపము ఆర్పిన తరువాత చీకటిలోనే చెప్పాము. "మేము తప్పు చేశాము. మీ ఇద్దరి యెడల, మీ అక్క యెడల. అది కులము చూచి చేసిన తప్పు. మరే పేరు లేదు."

చాలసేపు ఎవరు మాట్లాడలేదు. తరువాత బావమరిది పై మంచము మీద నుండి అన్నాడు. "మీరు రానందుకు కోపము లేదు బావగారూ. అక్కను ఆపారు చూడండి, అది పోలేదు. అమ్మ చనిపోయినప్పుడు ఇంటికి రమ్మని మీరు ఒక్క మాట అనలేదు." మేము సంజాయిషీ చెప్పబోయాము. మా శ్రీమతి చీకటిలో మా చేతిని నొక్కి ఆపింది. అది మంచిదయ్యింది. ఆ మాట అతడు చెప్పవలసినది, మేము వినవలసినది.

గేటు దగ్గర

ఉదయము మరల కొండ అంచునకు వెళ్ళాము. నిన్నటి తల్లులు అక్కడనే ఉన్నాయి. నలుగురము మాట లేకుండ ఒక గంట నిలువబడ్డాము. ఆ మౌనము మొదటి దినపు మౌనము వంటిది కాదు.

సెడూనా గేటు దగ్గర అధికారి మర్యాదగా అడిగాడు, ఏమైన ఉన్నవా అని. లేవన్నాము. అంతలో మా శ్రీమతి "అయ్యో!" అని దిండు క్రింద నుండి నాలుగు నిమ్మకాయలు తీసింది. బండి ప్రయాణములో కడుపులో త్రిప్పకుండ వాసన చూడడానికి దాచుకున్నదట! అధికారి నవ్వి డబ్బాలో వేశాడు. బావమరిది స్టీరింగు మీద తల పెట్టుకొని నవ్వాడు. "ఒసే అక్కా, నువ్వు మారలేదే!" అన్నాడు. తొమ్మిదేండ్ల తరువాత మా ఎదుట అతడు నవ్వగా విన్నాము.

పాఠకులారా, తెగిన బంధుత్వమును మేమే అతికించగలమని చాలమందికి బోధించాము. ఆ పెద్దాయన మాకు నేర్పినది వేరు. గాయపడినవారు తిరిగి వచ్చుట మన చేతిలో లేదు. వారిని తొందర పెట్టే హక్కు మనకు లేదు. మన చేతిలో ఉన్నది ఈటెను క్రింద పెట్టుట. ఆ మాటను అనకుండుట, ఆ అడ్డును తీయుట, తప్పును దాని పేరుతో పిలుచుట. ఆ తరువాత కొండ అంచున ఓపికతో నిలువబడి కనిపెట్టుట. మీ కుటుంబములో కూడ "మనవాళ్ళు కాదు" అన్న మాట వలన దూరమైన కొడుకో, కూతురో, తమ్ముడో ఉంటే, మా వలె తొమ్మిదేండ్లు ఆలస్యము చేయవద్దని మనవి.

2024 క్రిస్మస్‌కు వారిద్దరు మా ఊరు వచ్చారు. బస్టాండులో దిగి, లాడ్జి ముందు నుండి నడిచి, మా ఇంటికే వచ్చారు. సండే స్కూలు పిల్లలకు తిమింగిలము సంగతి మా మరదలే చెప్పింది.